ఇంగ్లిష్ పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు: నేను చేసేవి, మానేసినవి

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బోరబండ దగ్గర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి, 38 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. మీరు లోపలికి రాగానే అందరూ లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అని రాగం తీస్తారు. "హౌ ఆర్ యూ" అంటే "ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ టీచర్" అని అదే రాగంలో ముగిస్తారు. ఆ తర్వాత ఏం అడిగినా తలలు వంచుకుంటారు. పోనీ ఆటతో మొదలుపెడదామంటే పది నిమిషాలు గోలలోనే పోతున్నాయి, పాఠం వెనకబడుతోంది అని రాశారు. ఇంగ్లిష్ క్లాసును పిల్లలు ఇష్టపడేలా ఎలా మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న.

నేను 26 ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మొదట వికారాబాద్ వైపు పల్లెల్లో, తర్వాత హైదరాబాద్‌లో. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటే. మన ప్రశ్నకు జవాబు మనకు ముందే తెలుసని పిల్లలకు తెలుసు. బోర్డు మీద ఆపిల్ బొమ్మ వేసి "వాట్ ఈజ్ దిస్?" అని అడిగితే అది వాళ్లకు పరీక్షలాగే వినిపిస్తుంది. తప్పు చెబితే నవ్వుతారని భయం. అదే, తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని టీచర్ నిజంగా తెలుసుకోవాలని అడిగితే, ఆ పిల్లవాడు ఒక్క మాటైనా చెప్పకుండా ఉండలేడు. కాబట్టి పీరియడ్ మొదట్లో టీచర్‌కు తెలియనిది, పిల్లలకు తెలిసినది ఏదో ఒకటి ఉండాలి. నేను వాడే పద్ధతులన్నీ దీని నుంచి వచ్చినవే.

అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది అటెండెన్స్. అధికారిక హాజరు పొద్దున్నే అయిపోతుంది, అది వేరే. నేను చెప్పేది ఇంగ్లిష్ పీరియడ్ కోసం మీరు పెట్టుకునే సొంత అటెండెన్స్. రోల్ నంబరు పిలుస్తారు, పిల్లలు "ప్రెజెంట్ మేడమ్" అనరు. దాని బదులు ఆ రోజు ప్రశ్నకు జవాబు చెబుతారు. ఒకరికి ఐదు సెకన్లు అనుకుంటే 38 మందికి 190 సెకన్లు, అంటే మూడు నిమిషాలు దాటి కొంచెం. ఆ మూడు నిమిషాల్లో క్లాసులో ప్రతి ఒక్కరి నోటి నుంచి ఒక ఇంగ్లిష్ వాక్యం వస్తుంది. మామూలు పీరియడ్‌లో 40 నిమిషాలు గడిచినా నోరు విప్పని పిల్లలు సగం మంది ఉంటారు, మీరు గమనించే ఉంటారు.

నాకు ఇష్టమైన ప్రశ్న "ఈ పొద్దున ఏ చప్పుడు విన్నావు?" బోర్డు మీద "ఐ హర్డ్..." అని రాసి ఖాళీ వదులుతాను. ముందు నేను చెబుతాను: "ఐ హర్డ్ ఎ క్రో." తర్వాత పిల్లలు. డాగ్, బస్ హార్న్, ప్రెజర్ కుక్కర్, అజాన్, గుడి గంట, మిక్సీ, బోరు మోటారు, పాలవాడి బండి. ఒకసారి ఒక పాప "ఐ హర్డ్ మై నానీ" అంది. అమ్మమ్మ పొద్దున్నే ఏం చేస్తుందని అడిగితే దగ్గుతుందట. "షీ కాఫ్స్" అని బోర్డు మీద రాశాను. ఆ రోజు నుంచి క్లాసు మొత్తానికి "కాఫ్" అనే మాట వచ్చేసింది. మాట ఇంగ్లిష్‌లో రాకపోతే తెలుగులోనో ఉర్దూలోనో చెప్పనివ్వండి. "ఐ హర్డ్ గంట" అన్నా అది వాక్యమే. "ఓహ్, యూ హర్డ్ ఎ బెల్!" అని మీరు ఆశ్చర్యంగా తిరిగి చెబితే చాలు. "గంట అనకూడదు, బెల్ అనాలి" అని ఆ నిమిషంలో సరిదిద్దకండి.

38 జవాబులు అయ్యాక అసలు పని మొదలవుతుంది. "హూ హర్డ్ ఎ కుక్కర్?" అని అడగండి. ఎవరు ఏం చెప్పారో గుర్తున్నవాళ్లు చేతులెత్తుతారు, "షీ హర్డ్ ఎ కుక్కర్" అంటారు. ఇంకొకరు చెప్పింది వినాలన్న అవసరం ఇప్పుడు వచ్చింది కాబట్టి రెండో రోజు నుంచి అటెండెన్స్ సమయంలో గోల తానే తగ్గుతుంది. హీ, షీ, పాస్ట్ టెన్స్ అన్నీ అక్కడే దొరుకుతాయి, అక్కడి నుంచి పాఠంలోకి ఒక్క అడుగే.

వారానికి సరిపడా ఇంకొన్ని ప్రశ్నలు: దారిలో కనిపించిన రంగు, నీకు నచ్చని కూరగాయ (కాకరకాయకు ఎప్పుడూ ఎక్కువ ఓట్లు), ఇప్పుడు నీ జేబులో లేదా బ్యాగులో ఉన్న ఒక వస్తువు, ఇవాళ నీ మనసు ఎలా ఉంది. చివరిది శుక్రవారం లేదా శనివారం అడగండి, వారం మొదట్లోనే కాదు. ఒకరు చెప్పిందే ఇంకొకరు చెప్పవచ్చు అని ముందే చెప్పండి. వెనకబడిన పిల్లవాడికి అది పెద్ద ఆసరా. మొదటి రోజుల్లో అతను ముందున్నవాడి మాటనే తిరిగి చెబుతాడు. మూడో వారంలో సొంత మాట చెబుతాడు.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఇదే అటెండెన్స్‌లో "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేదాన్ని. ఇడ్లీ, ఉప్మా, చపాతీ, చాయ్ బిస్కట్ అని జవాబులు హాయిగా వచ్చేవి. ఒక రోజు ఒక బాబు నిలబడి "నథింగ్" అన్నాడు. మాట సరిగ్గా పలికాడు, వాక్యం కూడా సరిపోయింది. నాకు మాత్రం గొంతు పట్టేసింది. ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలుండే బడిలో ఆ ప్రశ్న అడగకూడదని నాకు ముందే తట్టి ఉండాల్సింది. అప్పటి నుంచి తిండి గురించి అయితే "నీకు ఏది ఇష్టం?" అని మాత్రమే అడుగుతాను. సెలవుల్లో ఎక్కడికి వెళ్లావు, నాన్న ఏం చేస్తాడు, పుట్టినరోజుకు ఏం కొన్నారు, ఇవేవీ అందరి ముందు అడగను. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్నలు చాలా ఉంటాయి. వాటిని మీ క్లాసును చూసుకుని మార్చుకోండి.

రెండోది, మీరే తప్పు చెప్పడం. క్లాసులోకి వచ్చి ఏమీ పలకరించకుండా బోర్డు మీద చార్మినార్ బొమ్మ గీయండి. మూడు మినార్లే గీయండి. "చార్మినార్ హ్యాజ్ త్రీ మినార్స్" అని గట్టిగా చదవండి. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత "నో టీచర్! ఫోర్! ఫోర్!" అని క్లాసంతా లేస్తుంది. "త్రీ" అని మీరు పట్టుబట్టండి. లెక్కపెట్టమంటారు, పేరులోనే చార్ ఉందంటారు. "బుద్ధ స్టాచ్యూ ఈజ్ ఇన్ ఉస్మాన్ సాగర్" అనండి, "నో, హుస్సేన్ సాగర్!" "ద జూ ఈజ్ ఇన్ సికింద్రాబాద్" అనండి, "బహదూర్‌పురా!" అన్న జవాబు జూకు వెళ్లొచ్చిన పిల్లల దగ్గర నుంచి వస్తుంది. ఇక్కడ పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడుతున్నామన్న సంగతే మర్చిపోతారు, టీచర్‌ను సరిదిద్దే పనిలో ఉంటారు కాబట్టి. రెండో వారంలో జవాబును కాస్త పొడిగించమనండి: "నో, ఇట్ ఈజంట్. ఇట్ ఈజ్ ఇన్ బహదూర్‌పురా." తర్వాత తప్పు వాక్యాలు తయారుచేసే పని వాళ్లకే ఇవ్వండి. తప్పు చెప్పాలన్నా సరైనది తెలిసి ఉండాలి కాబట్టి, ఆ పనిలో వాళ్లు పడే శ్రమ మామూలు అభ్యాసం కంటే ఎక్కువ.

బస్సు నంబర్ల సంగతి కూడా ఇలాంటిదే. బోర్డు మీద "218" అని మాత్రం రాయండి. ఇంకేమీ చెప్పకండి. మన ఊరి పిల్లలకు ఆర్టీసీ నంబర్లు బాగా తెలుసు. "పటాన్‌చెరు! కోఠి!" అంటారు. అప్పుడు మీరు: "డజ్ ఇట్ గో టు అమీర్‌పేట్?" "ఎస్!" "డజ్ ఇట్ గో టు చార్మినార్?" "నో!" తర్వాత 10హెచ్ రాయండి, సికింద్రాబాద్ నుంచి కొండాపూర్. 5కె రాయండి, సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం. "ఫ్రమ్", "టు" అనే రెండు చిన్న మాటలు పుస్తకంలో ఎంత చెప్పినా రానివి ఇక్కడ పది నిమిషాల్లో వస్తాయి. తర్వాత మీకు నిజంగా తెలియనిది అడగండి: "ఐ వాంట్ టు గో టు యువర్ హౌస్. విచ్ బస్?" ఈ ప్రశ్నకు ప్రతి పిల్లవాడి దగ్గరా వేరే జవాబు ఉంటుంది.

ఇది నా సొంత కల్పన కాదు. ఎన్.ఎస్. ప్రభు అనే అధ్యాపకుడు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం పాఠంగా చెప్పకుండా రైలు టైంటేబుళ్లు, మ్యాపులు లాంటివి ఇచ్చి, వాటిలో ఒక చిక్కును విప్పమనేవారు. పిల్లల దృష్టి అర్థం మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందన్నది ఆయన నమ్మకం. మన దేశపు మామూలు బడుల్లో, పెద్ద క్లాసుల్లో జరిగిన పని అది. అందుకే విదేశీ పుస్తకాల్లోని పన్నెండు మంది క్లాసుల ఆటల కంటే నాకు అదే దగ్గరగా అనిపిస్తుంది.

పిల్లల ఇళ్లు ఉన్నది మెట్రో రైలు దారిలో అయితే స్టేషన్ అనౌన్స్‌మెంట్ కూడా వాడండి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలో వినిపించే ఆ మాటలను చాలామంది పిల్లలు అచ్చంగా అనుకరిస్తారు. బెంచీల వరుసలను బోగీలు చేసి ఒకరిని అనౌన్సర్‌గా పెడితే లెఫ్ట్, రైట్, నెక్స్ట్ వచ్చేస్తాయి. వారానికి ఒకసారి చాలు, రోజూ చేస్తే బెంచీలు జరపడంలోనే టైం పోతుంది.

సంచి పద్ధతి మీరు వినే ఉంటారు. గుడ్డ సంచిలో ఒక వస్తువు పెట్టి, చూడకుండా తడిమి చెప్పమనడం. చాలామంది అందులో ఐదారు వస్తువులు పెడతారు. ఒక్కటే పెట్టండి. తడిమేవాడు చెప్పడు, మిగతావాళ్లు అతన్ని అడుగుతారు. "ఈజ్ ఇట్ సాఫ్ట్?" "ఈజ్ ఇట్ రౌండ్?" "కెన్ వుయ్ ఈట్ ఇట్?" ఈ మూడు ప్రశ్నలు బోర్డు మీద ఉంటే చాలు. జవాబు ఎస్ లేదా నో మాత్రమే. నేను పెట్టిన వాటిలో బాగా పనిచేసినవి ఉల్లిగడ్డ, బొంగరం, దువ్వెన, నానబెట్టిన చింతపండు (చిన్న కవర్లో). చింతపండు పెట్టిన రోజు చెయ్యి పెట్టిన పాప ముఖం చూసి క్లాసంతా ప్రశ్నలు కురిపించింది. ఆ రోజు "స్టికీ" నేర్పడానికి నేను ఏమీ చేయనక్కర్లేకపోయింది. ఉల్లిగడ్డ బయటికి తీశాక "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడగండి. ఉల్లిగడ్డ, ప్యాజ్ వినిపిస్తాయి, లంబాడీ పిల్లలుంటే వాళ్ల మాటా వినిపిస్తుంది. అన్నీ బోర్డు మీద రాసి చివర ఆనియన్ రాయండి. ఇంటి భాషను గుమ్మం బయట వదిలి రమ్మంటే పిల్లవాడు ధైర్యాన్ని కూడా అక్కడే వదిలి వస్తాడు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చినప్పుడు పుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వేశారు కదా. మొదటి ఐదు నిమిషాల్లో మీ క్లాసు కూడా అలాగే ఉండనివ్వండి.

అసలు నోరే విప్పని పిల్లల గురించి ప్రత్యేకంగా అడిగారు. వాళ్లను మాట్లాడమని ఒత్తిడి చేయకుండా ముందు వినే పని, కదిలే పని ఇవ్వండి. అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వవేత్త 1960లలో ఈ పద్ధతిని రూపొందించాడు. పసిపిల్లలు మాటలు రాకముందే "ఇటు రా", "అది తీసుకో" అంటే చేస్తారు కదా, రెండో భాషకూ అదే దారి అన్నాడు. "స్టాండ్ అప్. టచ్ ద విండో. పుట్ యువర్ బుక్ అండర్ ద బెంచ్." మీరు చెబుతూ మీరూ చేయండి, రెండో రోజు చెప్పి ఊరుకోండి. మూడు నాలుగు రోజుల తర్వాత వింత ఆదేశాలు కలపండి: "పుట్ యువర్ బుక్ ఆన్ యువర్ హెడ్ అండ్ వాక్ టు ద డోర్." మాట్లాడని పిల్లవాడు కూడా సరిగ్గా చేసి చూపిస్తాడు. అంటే అతనికి అర్థమైందని మీకూ తెలిసింది, అతనికీ తెలిసింది. ఇలా రెండు వారాలు గడిచాక, అతనే ఆదేశం ఇవ్వడానికి చెయ్యెత్తే రోజు వస్తుంది. నా క్లాసుల్లో ఆ చెయ్యి లేవడానికి కొందరికి పది రోజులు పట్టింది, ఒక బాబుకు దసరా సెలవులు దాటాయి. తొందరపడకండి.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కూడా చూసుకోండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, నమ్మకంగా వస్తాయని చూపించింది. ఆమె పని చేసింది సైన్స్ క్లాసుల్లో. మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవాలి, కాబట్టి నేను మనసులో ఐదు లెక్కపెడతాను. ఆ ఐదు సెకన్లు మొదట్లో చాలా పొడవుగా అనిపిస్తాయి. కిటికీ వైపు చూస్తూ నిలబడండి, పిల్లవాడి ముఖంలోకి కాదు.

ఉచ్చారణకు నేను రోజూ రెండు నిమిషాలు మించి ఇవ్వను, అది కూడా ఆటగానే. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి బస్ బస్సు అవుతుంది, బుక్ బుక్కు అవుతుంది. మాట చివర పెదవుల మీద వేలు పెట్టి "తోక కోసెయ్" అంటాను. బస్సు అని ఒకసారి, తోక కోసి బస్ అని ఒకసారి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో కొందరు ముందు అక్షరం చేరుస్తారు, ఇస్కూల్, ఇస్టూల్ అని. వాళ్లకు పాము బుస కొట్టినట్టు "స్‌స్‌స్" అంటూ మొదలుపెట్టమంటాను. ఇంకొకటి: తెలుగులో "వెస్ట్" అని రాస్తే బనియనో, పడమరో తెలియదు. ఇంగ్లిష్‌లో అవి రెండు వేరు మాటలు, రెండు వేరు శబ్దాలు. బనియన్‌కు పై పళ్లు కింది పెదవిని తాకాలి, పడమరకు పెదవులు సున్నాలా గుండ్రంగా రావాలి. చిన్న అద్దం ఒకటి తెచ్చి బెంచీల మధ్య తిప్పితే పిల్లలు తమ నోటిని చూసుకుని తామే సరిచేసుకుంటారు.

ఇప్పుడు నేను మానేసినవి. బంతి విసిరి, పట్టుకున్నవాళ్లు మాట చెప్పాలి అనే ఆట చాలా చోట్ల సూచిస్తారు. మా క్లాసులో ఒకసారి బంతి ఒక అమ్మాయి చేతిలో పడింది. ఆమె దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పిల్లలు నవ్వారు. తర్వాత ఆమె పక్కనున్న అమ్మాయి నాతో చెప్పింది, ఆట జరిగినంతసేపూ "నా దగ్గరికి రావద్దు" అనుకుంటూ కూర్చుంటుందట. మాట నేర్పడానికి పెట్టిన ఆట ఆ పిల్లకు భయం నేర్పింది. ఇప్పుడు బంతి వాడితే, ఇష్టమైనవాళ్లే చేతులు చాచాలి. పట్టుకున్నాక "పాస్" అని ఇంకొకరికి ఇచ్చే వీలు ఉంటుంది. రెండు జట్ల పోటీలు, చాక్లెట్లు కూడా మానేశాను. ఓడిన జట్టు పాఠం అంతా ముఖాలు ముడుచుకుని కూర్చుంటుంది. "నిన్న ఏం నేర్చుకున్నాం?" అనే ప్రశ్నతో కూడా మొదలుపెట్టను. గుర్తున్న నలుగురు చెబుతారు, మిగతా ముప్పై నాలుగు మందికి పీరియడ్ ఓటమితో మొదలవుతుంది.

గోల గురించి. ఆట ఎక్కడ ఆగుతుందో పిల్లలకు ముందే తెలియకపోవడం వల్లే అది పది నిమిషాలు సాగుతుంది. నేను చప్పట్ల వరుస ఒకటి పెట్టుకున్నాను: రెండు నెమ్మదిగా, మూడు వేగంగా. నేను కొడితే వాళ్లు తిరిగి కొట్టాలి, కొట్టాక చేతులు బెంచీ మీద. మొదటి వారం ఆట కంటే ఈ ఆగడాన్నే ఎక్కువ అభ్యాసం చేయించాను. ఇంకో విషయం, ఆ రోజు పాఠంలో రంగులు ఉంటే అటెండెన్స్ రంగులతో, కెన్, కాంట్ ఉంటే తప్పు వాక్యాలు జూ జంతువులతో ("ఎ టార్టాయిస్ కెన్ ఫ్లై") చేయండి. పాఠానికి సంబంధం లేని ఆట ఎంత బాగున్నా, దాని నుంచి పుస్తకానికి రావడానికి మళ్లీ ఐదు నిమిషాలు పడుతుంది. మీ పది నిమిషాలు ఎక్కువగా అక్కడే పోతున్నాయని నా అనుమానం.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. సోమవారం నుంచి రెండు వారాలు అటెండెన్స్ ఒక్కటే చేయండి. ఒక నోటుపుస్తకంలో 38 నంబర్లు రాసుకుని, ఎవరు సొంత మాట చెప్పారో, ఎవరు పక్కవాడి మాట తిరిగి చెప్పారో, ఎవరు ఏమీ చెప్పలేదో గుర్తులు పెట్టుకోండి. రెండు వారాల తర్వాత ఆ గుర్తులు ఎలా మారాయో ఇక్కడ రాస్తే, మీ పిల్లలకు తర్వాత ఏది సరిపోతుందో చూసి చెబుతాను. పుస్తకంలో మీరు ఏ పాఠం దగ్గర ఉన్నారో కూడా రాయండి.